నేరాల వార్తలూ మన భయాలూ: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను పదకొండేళ్లు ఒక తెలుగు దినపత్రిక జిల్లా డెస్క్‌లో సబ్ ఎడిటర్‌గా పనిచేశాను. క్రైమ్ పేజీ ఎక్కువగా నా చేతి మీదుగానే వెళ్లేది. ఉద్యోగం మానేశాక కూడా చుట్టాలు, అపార్ట్‌మెంట్‌లో వాళ్లు, పిల్లల స్కూలు గేటు దగ్గర తల్లిదండ్రులు నన్ను అవే ప్రశ్నలు అడుగుతుంటారు. జవాబులన్నీ ఒకచోట రాసిపెడితే మేలనిపించింది. ఆ పేజీల్లో నేను చేసిన తప్పులు కూడా ఇందులో ఉన్నాయి.

రోజురోజుకీ హత్యలు పెరిగిపోతున్నాయి కదా?

లేదు. మన దేశంలో హత్యలు తగ్గాయి. జాతీయ నేర గణాంకాల సంస్థ, అంటే మనం ఎన్‌సీఆర్‌బీ అనే సంస్థ, ఏటా ఇచ్చే లెక్క చూడండి. 1992లో దేశం మొత్తం మీద 40 వేలకు పైగా హత్య కేసులు నమోదయ్యాయి. 2022లో 28,522. ఈ ముప్పై ఏళ్లలో జనాభా ఎంత పెరిగిందో మనకు తెలుసు. లక్ష మందికి ఇన్ని అని లెక్కేస్తే అప్పుడు నాలుగున్నర దగ్గర ఉండేది, ఇప్పుడు రెండు చిల్లర. సగానికి పైగా పడిపోయింది.

ఈ మాట చెబితే ఎవరూ నమ్మరు. మా మేనమామ అయితే, "నువ్వు పేపర్లో చేసి కూడా ఇలా మాట్లాడతావేంట్రా" అన్నాడు. ఆయన్ని తప్పుపట్టను. ఆయన రోజూ చూసేది లెక్కల పుస్తకం కాదు, టీవీ.

అలాంటప్పుడు రోజూ ఇన్ని హత్యల వార్తలు ఎలా కనిపిస్తాయి?

28,522ని 365తో భాగిస్తే రోజుకు 78. దాదాపు 140 కోట్ల మంది ఉన్న దేశానికి అది చిన్న సంఖ్యే. కానీ అరగంట బులెటిన్ నింపడానికి 78లో మూడు చాలు. ఒకప్పుడు నెల్లూరులో జరిగిన హత్య నెల్లూరు ఎడిషన్‌లోనే ఉండేది, ఆదిలాబాద్ వాళ్లకు తెలిసేది కాదు. 2004లో టీవీ9 వచ్చింది, వెనకే వరసగా మిగతా న్యూస్ ఛానళ్లు, ఆ తర్వాత యూట్యూబ్ ఛానళ్లు. ఇప్పుడు ఎక్కడో మీరట్‌లో భార్యాభర్తల మధ్య జరిగిన హత్య కూడా మన ఫోన్‌లోకి తెలుగు వాయిస్‌తో వస్తుంది. ఒకే హత్య వారం రోజులు వస్తుంది: దొరికిన రోజు, అరెస్టు రోజు, సీన్ రీకన్‌స్ట్రక్షన్ రోజు, పక్కింటివాళ్ల బైట్ల రోజు. చూసేవాళ్ల మనసులో అది ఏడు హత్యలుగా మిగులుతుంది.

అమెరికాలో జార్జ్ గెర్బ్‌నర్ అనే ప్రొఫెసర్ 1970లలోనే ఈ విషయం పట్టుకున్నారు. టీవీ ఎక్కువగా చూసేవాళ్లు తమ చుట్టూ ఉన్న లోకాన్ని నిజంగా ఉన్నదానికన్నా ప్రమాదకరంగా ఊహించుకుంటారని ఆయన చెప్పారు. మన ఇళ్లలో సాయంత్రం ఆరు దాటితే ఆడపిల్లను పాల ప్యాకెట్‌కి కూడా పంపకపోవడం చూసినప్పుడల్లా ఆయన మాట గుర్తొస్తుంది.

మనం దేనికి ఎంత భయపడుతున్నామో ఇంకో లెక్కతో చూడండి. అదే 2022లో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్లు 1,68,491 మంది. ఆత్మహత్య చేసుకున్నవాళ్లు 1,70,924 మంది. ఈ రెండూ కలిపితే హత్యలకు పన్నెండు రెట్ల దాకా వస్తుంది. హెల్మెట్ లేకుండా పిల్లాడిని బండి ముందు నిలబెట్టి తీసుకెళ్తూ, స్కూలు దగ్గర కిడ్నాపర్ల గురించి టెన్షన్ పడే తండ్రులు నాకు రోజూ కనిపిస్తారు.

హత్యలు ఎక్కువగా చేసేది దొంగలు, ముఠాలేనా?

డబ్బు కోసం, దోపిడీ కోసం జరిగే హత్యలు మొత్తంలో చిన్న భాగం. 2022 లెక్కలో 9,962 హత్యలకు కారణం తగాదాలు. పొలం గట్టు, ఆస్తి పంపకం, కుటుంబ గొడవ, అప్పు, అప్పటికప్పుడు నోటిమాటతో మొదలైన కొట్లాట, ఇవీ. ఆ తర్వాత పాత కక్షలు, 3,761. లాభం కోసం చేసినవి 1,884. అంటే చంపేవాడు చాలాసార్లు చచ్చినవాడి ఇంటి గడప ఎక్కి దిగినవాడే.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. ఒక రాత్రి పదకొండు గంటలప్పుడు, పేజీ వదలడానికి ఇరవై నిమిషాలు ఉందనగా, రెండు వార్తలు వచ్చాయి. ఒకటి గొలుసు దొంగతనం. ముగ్గులేస్తున్న పెద్దావిడ మెడలో రెండున్నర తులాల పుస్తెలతాడు బైక్ మీద వచ్చినవాళ్లు తెంపుకుపోయారు. సీసీ కెమెరా నుంచి తీసిన మూడు ఫొటోలు కూడా ఉన్నాయి. రెండోది ఒక వివాహిత చనిపోయిన వార్త. ఫొటో లేదు, ఊరు చిన్నది, పోలీసులు "కేసు నమోదు చేసి దర్యాప్తు చేస్తున్నాం" అన్నారు, అంతే. నేను గొలుసు వార్తకి నాలుగు కాలాలిచ్చి "బెంబేలెత్తిస్తున్న స్నాచర్లు" అని హెడ్డింగ్ పెట్టాను. రెండో వార్తను ఐదు లైన్ల సింగిల్ కాలమ్ చేసి, కింద ప్రకటన పక్కన సర్దాను. హెడ్డింగ్ "కుటుంబ కలహాలతో వివాహిత మృతి".

ఒక మనిషి ప్రాణం పోయింది. నేను దానికి ఇచ్చిన చోటు అగ్గిపెట్టెంత. ఆ జిల్లాలో పొద్దున్నే పేపర్ చదివినవాళ్లంతా పుస్తెలతాడు గురించే భయపడి ఉంటారు.

ఆడవాళ్లకు ప్రమాదం చీకటిపడ్డాక రోడ్డు మీదే కదా?

రోడ్డు మీద ప్రమాదం లేదని అనను. దాన్ని ఎవరూ తేలిగ్గా తీసుకోకూడదు. కానీ 2021లో నమోదైన 31,677 అత్యాచారం కేసుల్లో 96 శాతానికి పైగా కేసుల్లో నిందితుడు బాధితురాలికి తెలిసినవాడే. బంధువు, కుటుంబ స్నేహితుడు, పక్కింటివాడు, పనిచేసే చోటివాడు, పెళ్లి చేసుకుంటానని నమ్మించినవాడు. 2022లో మహిళలపై నేరాలుగా నమోదైన 4,45,256 కేసుల్లో అన్నిటికన్నా పెద్ద వాటా, దాదాపు మూడో వంతు, భర్త లేదా అత్తింటివాళ్లు పెట్టిన హింసకు సంబంధించినవి.

ఇది తెలియకపోవడం వల్ల జరిగే నష్టం చిన్నది కాదు. "జాగ్రత్త" అనే మాటకు మన ఇళ్లలో ఒకటే అర్థం మిగిలింది: బయటికి వెళ్లొద్దు. ఇంట్లోనే భయపడే పిల్లకు ఆ జాగ్రత్త ఏం పనికొస్తుంది? మామయ్య వరస అయినవాడి గురించి ఆ పిల్ల నోరు తెరిస్తే, "ఛ, ఆయన అలాంటివాడు కాదు" అంటాం. ఎందుకంటే అత్యాచారం చేసేవాడు ఎలా ఉంటాడో టీవీ మనకు ఒక బొమ్మ గీసిచ్చింది. ఆ బొమ్మలోవాడు ముక్కూ మొహం తెలియనివాడు, తాగి ఉంటాడు, పొద చాటున ఉంటాడు. మన ఇంటి భోజనాల బల్ల దగ్గర కూర్చోడు.

సీసీ కెమెరాలు వచ్చాక అన్నీ బయటపడుతున్నాయి కదా?

కెమెరా ఉన్నచోట జరిగినవి బయటపడుతున్నాయి. కెమెరాలు రోడ్డు మీద, షాపుల్లో, అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ఉంటాయి. వీడియో ఉన్న నేరమే వార్త అవుతోంది. వంటగదిలో కెమెరా ఉండదు. పడకగదిలో ఉండదు, పొలం దగ్గర మోటారు షెడ్డులో ఉండదు. ఫేక్ ట్రేడింగ్ యాప్‌లో ఎనిమిది లక్షలు పోగొట్టుకున్న రిటైర్డ్ టీచరు గదిలోనూ ఉండదు. కాబట్టి నేరమంటే రోడ్డు మీద జరిగేదే అని మన కళ్లు అలవాటుపడ్డాయి. ఈ మార్పు గురించి మన దగ్గర ఎవరూ సరిగ్గా మాట్లాడటం లేదని నాకు బాధ.

వాట్సాప్‌లో పిల్లల్ని ఎత్తుకెళ్లేవాళ్ల వీడియో వచ్చింది. నమ్మాలా?

నమ్మొద్దు, ముందుకు పంపొద్దు. దీని వెనక చచ్చిపోయినవాళ్లు ఉన్నారు.

2018 వేసవిలో తెలంగాణ, ఆంధ్ర పల్లెల్లో కొన్ని వారాలు రాత్రుళ్లు నిద్ర లేదు. "పార్థీ ముఠా దిగింది, పిల్లల్ని ఎత్తుకెళ్తున్నారు, అవయవాలు తీస్తున్నారు" అని మెసేజ్‌లు. దానికి తోడు ఒక వీడియో: బైక్ మీద వచ్చిన ఇద్దరు గల్లీలో ఆడుకుంటున్న పిల్లాడిని ఎత్తుకుని పోతారు. అది ఎక్కడిదో తెలుసా? పాకిస్తాన్‌లోని కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రచార చిత్రం. చివర్లో ఆ ఇద్దరే పిల్లాడిని తిరిగి తెచ్చి దింపి, జాగ్రత్తగా ఉండమని ఒక బోర్డు చూపిస్తారు. ఆ చివరి ముక్క ఎవరో కోసేశారు. మిగిలింది దేశమంతా తిరిగింది.

మే నెలాఖర్లో హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో భిక్షాటనకు వచ్చిన ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను ఈ అనుమానంతోనే జనం కొట్టి చంపారు. జులై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రాయిన్‌పాడాలో ఐదుగుర్ని చంపారు. జులై 13న హైదరాబాద్ నుంచి బీదర్ వైపు స్నేహితులతో వెళ్లిన ఒక యువ సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని ముర్కి అనే ఊళ్లో కొట్టి చంపారు. వాళ్లు చేసిన పని దారిలో స్కూలు పిల్లలకు చాక్లెట్లు పంచడం. వాళ్ల కారు కన్నా ముందు వాట్సాప్ వీడియో ఆ ఊరు చేరింది.

చిన్నప్పుడు మా అమ్మమ్మ "బూచోడు ఎత్తుకుపోతాడు" అని అన్నం తినిపించేది. ఆ బూచోడికి ఎవరో వీడియో, లొకేషన్, "అర్జెంట్, అందరికీ షేర్ చేయండి" అనే మాట జతచేశారు. పాత భయానికి కొత్త సాక్ష్యం దొరికింది. అందుకే అంత చదువుకున్నవాళ్లు కూడా నమ్మారు.

అదే సమయంలో జోగులాంబ గద్వాల, వనపర్తి వైపు ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ఒక మంచి పని చేశారు. ప్రెస్‌నోట్‌తో సరిపెట్టకుండా ఊరూరికీ పోలీసుల్ని పంపారు. డప్పు కొట్టించారు, కళాకారులతో పాటలు పాడించారు, చావిడి దగ్గర జనాన్ని కూర్చోబెట్టి ఆ వీడియోలు అబద్ధమని చెప్పించారు. ఆమె పరిధిలో నాలుగు వందలకు పైగా గ్రామాలున్నాయి. అక్కడ ఈ పుకారుతో ఒక్క ప్రాణం కూడా పోలేదు. ఆ జులైలోనే వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజ్‌ని ఒకేసారి ఐదు చాట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టింది.

మరి నమోదయ్యే కిడ్నాప్ కేసుల సంగతి? వాటిలో చాలా భాగం టీనేజీ అమ్మాయి ఇష్టపడిన అబ్బాయితో వెళ్లిపోతే తల్లిదండ్రులు పెట్టినవే. వయసు 18 లోపు ఉంటే చట్టం దృష్టిలో అది కిడ్నాపే. "మన రాష్ట్రంలో ఇన్ని వేల కిడ్నాపులు" అని హెడ్డింగ్ చూసినప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి.

చెడ్డీ గ్యాంగ్, పార్థీ గ్యాంగ్, స్టువర్టుపురం దొంగలు... ఇవన్నీ నిజం కాదా?

ఇళ్లల్లో పడి దోచుకునే ముఠాలు ఉన్నాయి. పోలీసులు పట్టుకున్నారు కూడా. నేను అడిగేది ముఠాకు పెట్టే పేరు గురించి. పార్థీ అనేది ఒక తెగ పేరు. ఆ తెగలో పుట్టిన ప్రతి పిల్లాడి ఇంటిపేరు పక్కన మనం "గ్యాంగ్" అని రాస్తున్నాం. నలుగురు రెడ్లో, నలుగురు కమ్మలో, నలుగురు బ్రాహ్మలో కలిసి బ్యాంకును ముంచితే ఆ కులం పేరుతో గ్యాంగ్ అని ఏ పేపరైనా రాస్తుందా?

ఈ జబ్బు చాలా పాతది. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చింది. కొన్ని తెగల్లో పుడితే చాలు, దొంగ కిందే లెక్క. మన వైపు ఎరుకల వాళ్లు, యానాదులు దీని కింద నలిగిపోయారు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం అలా పుట్టిన ఊరే. 1910లలో ఎరుకల కుటుంబాలను తెచ్చి అక్కడ సెటిల్‌మెంట్‌లో పెట్టారు. నిర్వహణ సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతిలో ఉండేది. రోజూ హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే అనుమతి చీటీ ఉండాలి. ఆ చట్టం 1952లో రద్దయింది. అప్పటినుంచి వాళ్లు విముక్త జాతులు. కాగితం మీద విముక్తులు.

అంతకుముందు ఆ మనుషులు ఏం చేసేవాళ్లో తెలుసా? కోస్తా నుంచి ఉప్పు, లోపలి ఊళ్ల నుంచి ధాన్యం గాడిదల మీద మోసుకుంటూ తిరిగి అమ్మేవాళ్లు. రైళ్లు వచ్చాయి, ఉప్పు మీద ప్రభుత్వం పట్టు బిగించింది, ఆ బతుకుతెరువు పోయింది. ఊరూరా తిరిగే మనిషి పోలీసు కంటికి దొంగలా కనిపించాడు. 1970లలో గుర్రం జాషువా గారి అమ్మాయి హేమలతా లవణం, ఆమె భర్త లవణం ఆ ఊరికి వెళ్లి, ఏళ్ల తరబడి ఆ కుటుంబాల మధ్య పనిచేశారు. ఆ ఊరి పిల్లలు చదువుకుని ఉద్యోగాల్లో ఉన్నారు. అయినా స్టువర్టుపురం అనగానే మన నోట్లో వచ్చే రెండో మాట "దొంగలు" అనే. సినిమాలు కూడా ఆ పేరునే పట్టుకున్నాయి. ఇంటర్వ్యూలో ఆ ఊరి పేరు చెప్పుకోవాల్సిన కుర్రాడి పరిస్థితి ఒక్కసారి ఆలోచించండి.

"ఉత్తరాది ముఠా", "బిహారీ గ్యాంగ్" అనే హెడ్డింగులతోనూ ఇదే గొడవ. మన అపార్ట్‌మెంట్లు కట్టేది, మన టైల్స్ వేసేది వాళ్లే.

సైకోల మాటేంటి? అలాంటివాళ్లు పెరుగుతున్నారు కదా?

2015 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో పశ్చిమ గోదావరి జిల్లాలో "సూది సైకో" వార్త గుర్తుందా? బైక్ మీద వచ్చినవాడు ఆడవాళ్లకు ఇంజెక్షన్ గుచ్చి పారిపోతున్నాడని ఫిర్యాదులు వచ్చాయి. ఛానళ్లు పేరు పెట్టాయి, పోలీసులు ఊహాచిత్రం విడుదల చేశారు. ఇక ఏ ఊళ్లో దోమ కుట్టినా, ముల్లు గుచ్చుకున్నా సైకోనే అన్నట్టు అయింది. తెలంగాణ వైపు నుంచి కూడా అలాంటి ఫిర్యాదులే మొదలయ్యాయి. మొదట ఏదో జరిగి ఉండొచ్చు. కానీ అన్ని ఊళ్లలో అంత వేగంగా తిరిగింది ఒక మనిషి కాదు, ఒక పేరు.

"సైకో" అనే మాట మన వార్తల్లో చాలా చవకైపోయింది. భార్యను కొట్టి చంపినవాడు "సైకో భర్త". మానసిక జబ్బు ఉన్నవాళ్లలో అత్యధికులు ఎవరికీ హాని చేయరు. పైగా ఇంట్లో, రోడ్డు మీద హింసకు వాళ్లే గురవుతుంటారు. భర్తను సైకో అనడం వల్ల రెండు నష్టాలు: డిప్రెషన్‌కి మందులు వాడుతున్న అమ్మాయి ఆ సంగతి ఎక్కడా చెప్పుకోలేదు, పదేళ్లుగా తెలివిలో ఉండే కొట్టిన మనిషికి జబ్బు అనే సాకు దొరుకుతుంది.

పోలీసులు పట్టుకుని ప్రెస్‌మీట్ పెట్టారంటే నేరం చేసినట్టే కదా?

కాదు. ప్రెస్‌మీట్‌లో ముసుగేసి నిలబెట్టిన మనిషి నిందితుడు. కోర్టు తేల్చాకే దోషి. మా డెస్క్‌లో ఈ రెండు మాటలకూ తేడా అందరికీ తెలుసు. రాసేటప్పుడు మాత్రం "హంతకుడు దొరికాడు" అని రాసేవాళ్లం. పొట్టిగా ఉంటుంది, కాలమ్‌లో పడుతుంది.

2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఒక హాస్టల్లో ఫార్మసీ విద్యార్థిని దారుణంగా చంపేశారు. రాష్ట్రమంతా అట్టుడికింది. 2008లో పోలీసులు ఒక పేద యువకుణ్ణి అరెస్టు చేశారు. 2010లో విజయవాడ కోర్టు శిక్ష వేసింది. చనిపోయిన అమ్మాయి తల్లే, ఇతను కాదు, అసలువాళ్లు వేరే ఉన్నారని మొదటినుంచీ చెబుతూ వచ్చింది. 2017 మార్చి 31న హైకోర్టు అతను నిర్దోషి అని తేల్చి, లక్ష రూపాయలు ఇవ్వమంది. ఎనిమిదేళ్లకు పైగా జైల్లో గడిచిపోయింది. నడవలేని స్థితికి తెచ్చిన జబ్బు కూడా జైల్లోనే వచ్చింది. తర్వాత కేసు సీబీఐకి వెళ్లింది. అరెస్టు రోజు ఎన్ని పేజీలు నింపామో, నిర్దోషి అని తేలిన రోజు ఎంత చోటిచ్చామో వెనక్కి తిరిగి చూస్తే తల ఎత్తుకోలేను.

ఎన్‌కౌంటర్ చేస్తే భయం ఉంటుంది కదా?

ఈ ప్రశ్న అడిగేవాళ్లు క్రూరులు కాదు. కోపం, బాధ ఉన్నవాళ్లు. అందుకే ఓపిగ్గా చెబుతాను.

2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ టోల్‌గేట్ దగ్గర ఒక వెటర్నరీ డాక్టర్‌కు జరిగిన ఘోరం మనందరినీ కుదిపేసింది. డిసెంబరు 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. ఛానళ్లు పొద్దుటినుంచి రాత్రి దాకా పండగలా చూపించాయి. సుప్రీంకోర్టు జస్టిస్ సిర్పూర్కర్ నాయకత్వంలో కమిషన్ వేసింది. 2022 మేలో ఆ నివేదిక బయటికొచ్చింది. కాల్పులు చంపాలనే ఉద్దేశంతో జరిగాయని, పోలీసులు చెప్పిన కథ నమ్మేలా లేదని, పది మంది పోలీసులను హత్య నేరం కింద విచారించాలని కమిషన్ చెప్పింది. చనిపోయినవాళ్లలో ముగ్గురు మైనర్లని కూడా తేల్చింది. పూలు చల్లిన దృశ్యం ఇప్పటికీ అందరికీ గుర్తుంది. నివేదిక సంగతి అడిగితే పదిమందిలో ఇద్దరికి తెలుస్తుందేమో.

ఆ హడావుడిలో అసలు ముఖ్యమైన విషయం మునిగిపోయింది. ఆ రాత్రి కుటుంబం పోలీసుల దగ్గరికి పరిగెత్తితే, మా పరిధి కాదంటే మా పరిధి కాదని తిప్పారు. తర్వాత ఒక ఎస్ఐ, ఇద్దరు హెడ్ కానిస్టేబుళ్లు సస్పెండ్ అయ్యారు. మన పిల్లలకు రక్షణ కావాలనుకుంటే మనం పట్టుకోవాల్సిన ముక్క అదే: ఏ స్టేషన్‌కి వెళ్లినా ఫిర్యాదు తీసుకోవాలి, దాన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. ఆ వారం ఛానళ్లలో ఆ మాట ఎంతసేపు వినిపించింది? బాధితురాలి పేరు, ఫొటో మాత్రం చట్టం వద్దన్నా ఇంటింటికీ చేరాయి. నలుగురు నిందితుల్లో ఒక్కడి పేరు పట్టుకుని మతం రంగు పూసిన పోస్టులూ చేరాయి.

వార్తల్లో వాడే మాటలతో అంత తేడా వస్తుందా?

చాలా వస్తుంది. వెంటపడి వేధించి, కాదన్నందుకు గొంతు కోసినవాణ్ణి "ప్రేమోన్మాది" అంటాం. అందులో ప్రేమ ఎక్కడుంది? ఆ మాట వాడిన ప్రతిసారీ, ఎక్కువగా ప్రేమించడం వల్ల ఇలా అయిందన్న జాలి చాటుగా వచ్చి కూర్చుంటుంది. "ప్రియుడి మోజులో" అని మొదలయ్యే హెడ్డింగ్ మీకు నోటికొచ్చి ఉంటుంది. భర్తను భార్య చంపితే వారం రోజుల సీరియల్. భార్యను భర్త చంపితే, పైన చెప్పానుగా, ఐదు లైన్లు. దానివల్ల ఇప్పుడు మగపిల్లల తల్లులు పెళ్లంటేనే భయంగా ఉందని నాతో అంటున్నారు.

ఇంకోటి "పరువు హత్య". 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో ఆసుపత్రి నుంచి గర్భిణి అయిన భార్యతో బయటికి వస్తున్న దళిత యువకుణ్ణి కిరాయి మనిషితో నరికించారు. ఆ అమ్మాయి తండ్రే చేయించాడని పోలీసులు చెప్పారు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. దాన్ని పరువు హత్య అని రాశాం. ఎవరి పరువు? చంపినవాళ్లు చెప్పుకున్న కారణాన్ని మనం పేరుగా పెట్టేశాం. దళిత సంఘాలు దాన్ని "కుల దురహంకార హత్య" అంటున్నాయి. ఆ మాటే సరైనది. మాట పొడుగని హెడ్డింగ్‌లో పట్టదంటారు. చిన్న అక్షరాలతో పెట్టొచ్చు.

ఎన్‌సీఆర్‌బీ లెక్కలను మాత్రం పూర్తిగా నమ్మొచ్చా?

జాగ్రత్తగా చదవాలి. అది జరిగిన నేరాల లెక్క కాదు, నమోదైన కేసుల లెక్క. ఫిర్యాదు తీసుకోని చోట నేరాలు తక్కువగా కనిపిస్తాయి. కేరళ లాంటి చోట కేసులు ఎక్కువ కనిపించడానికి జనం స్టేషన్‌కి వెళ్లడం, పోలీసులు రాసుకోవడం ఒక కారణం. ఒకే ఎఫ్‌ఐఆర్‌లో నాలుగు నేరాలుంటే, అన్నిటికన్నా పెద్దదాన్నే లెక్కలోకి తీసుకుంటారు. "నేరాల్లో ఫలానా రాష్ట్రం నంబర్ వన్" అనే హెడ్డింగ్ చూస్తే, ముందు జనాభా ఎంతో చూడండి. హత్యల లెక్క మిగతావాటికన్నా నమ్మదగ్గది, శవాన్ని దాచడం కష్టం కాబట్టి.

సినిమాల్లో, వెబ్ సిరీస్‌లలో చూపించేవి?

మనిషి తప్పిపోతే 24 గంటలు ఆగాలన్నది అబద్ధం. వెంటనే వెళ్లండి, మొదటి గంటలే విలువైనవి. క్లోరోఫాం గుడ్డ ముక్కు దగ్గర పెడితే క్షణంలో పడిపోరు, నిమిషాలు పడుతుంది. నార్కో టెస్టు, అంటే మత్తుమందు ఇచ్చి ప్రశ్నలడిగే పరీక్ష, మనిషి ఒప్పుకోకుండా చేయకూడదని సుప్రీంకోర్టు 2010లో చెప్పింది. పోలీసుల ముందు "నేనే చంపాను" అని ఒప్పుకుంటే అది కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. "నేరం అంగీకరించిన నిందితుడు" అనే వార్త చదివినప్పుడు ఇది గుర్తుంచుకోండి.

మరి నిజంగా పెరుగుతున్న నేరం ఏది?

సైబర్ మోసం. 2022లో రాష్ట్రాల్లో అన్నిటికన్నా ఎక్కువ సైబర్ కేసులు నమోదైంది తెలంగాణలో, 15,297. పోలీసులమని వీడియో కాల్ చేసి, అరెస్టు చేశామని బెదిరించి డబ్బు లాగుతారే, ఆ డిజిటల్ అరెస్ట్ అనేది మన చట్టంలో ఎక్కడా లేదు. వీడియో కాల్‌లో ఎవరూ ఎవర్నీ అరెస్టు చేయలేరు. డబ్బు పోతే ఆ గంటలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, డబ్బు చేతులు మారేలోపు ఆపే అవకాశం ఉంటుంది. సిగ్గుపడి రెండు రోజులు దాచుకున్నవాళ్లే ఎక్కువ నష్టపోతున్నారు.

పక్కింట్లో నుంచి కొట్టిన చప్పుళ్లు వినిపిస్తే ఏం చేయాలి? అది వాళ్ల ఇంటి విషయం కదా?

కొడుతున్నప్పుడే అయితే 112కి చేయండి. 181 మహిళల హెల్ప్‌లైన్, 1098 పిల్లలది. ఏదీ చేయలేకపోతే ఆ ఇంటి తలుపు తట్టి పంచదార అడగండి. చెయ్యి ఆ కాసేపైనా ఆగుతుంది, తనను ఎవరో వింటున్నారని ఆమెకు తెలుస్తుంది.

పైన ఐదు లైన్ల వార్త గురించి చెప్పాను. మర్నాడు ఆ ఊరి నుంచి మాకు వార్తలు పంపే కంట్రిబ్యూటర్ ఫోన్ చేశాడు. వార్త చిన్నదైపోయిందని అతను గొడవపడలేదు. "సార్, వాళ్ల వీధికి వెళ్లొచ్చాను. నలుగురైదుగుర్ని అడిగాను. ఆర్నెల్లుగా రోజూ వినిపించేదంట" అన్నాడు. ఫాలోఅప్ పంపమంటారా అని అడిగాడు. ఆరోజు పేజీలో గొలుసు దొంగల రెండో ముఠా వార్త ఉంది. చోటు లేదన్నాను.

ఆమె పేరు నాకు ఇప్పటికీ గుర్తుంది.